అడ్డచుట్ట కథ: అద్దంలో కనిపించని అంగిలి మీద మచ్చలు

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల పుట్టింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే ఒక అమ్మాయి పంపింది. వాళ్ళ నాయనమ్మ టెక్కలి దగ్గర పల్లెటూళ్ళో ఉంటుంది. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఆవిడ ఆవలిస్తుంటే, నోటి పైభాగంలో తెల్లగా, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలతో ఏదో కనిపించిందట. "ఏంటి నాయనమ్మా అది?" అంటే, "ఏటి లేదమ్మా, చుట్ట తాగినోళ్ళందరికీ అలాగే ఉంటాది" అందట. ఆ అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. నిజంగా అందరికీ అలాగే ఉంటుందా?

దీనికి సగం జవాబు "అవును". మిగతా సగం చెప్పాలంటే ఒక ఎనభై ఏళ్ళ చరిత్ర చెప్పాలి. ఎందుకంటే ఆ నాయనమ్మ నోట్లో ఉన్న మచ్చ గురించి ప్రపంచంలో డాక్టర్లకి తెలిసిన దాంట్లో పెద్ద భాగం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనే తెలిసింది. ఈ విషయం శ్రీకాకుళం వాళ్ళలోనే చాలామందికి తెలీదు.

ముందు అడ్డచుట్ట అంటే ఏంటో చూద్దాం. ఉత్తరాంధ్ర వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతా వాళ్ళకోసం. మామూలుగా చుట్ట ఒక చివర వెలిగించి, రెండో చివర నోట్లో పెట్టుకుంటారు. అడ్డచుట్టలో రివర్స్. వెలిగించాక నిప్పు ఉన్న చివరే నోటి లోపలికి పోతుంది. పెదాలు మూసేస్తారు. బయటికి కనిపించేది చుట్ట చల్లటి చివర మాత్రమే. దాన్నే అడ్డపొగ అని కూడా అంటారు. మొదటిసారి చూసినవాళ్ళు నోరు కాలిపోదా అనుకుంటారు. కానీ అలవాటైన వాళ్ళు అలాగే మాట్లాడతారు, నాట్లు వేస్తారు, వల బాగుచేస్తారు. నాలుకతో చుట్టని ఎలా తిప్పాలో, నుసి ఎక్కడ ఉంచి ఎప్పుడు ఉమ్మాలో వాళ్ళకి తెలుసు.

ఎందుకలా తాగుతారు అంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్తారు. సముద్రం గాలికి, వానకి నిప్పు ఆరిపోదు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నోటి తడి వల్ల చుట్ట నెమ్మదిగా కాలుతుంది, అంటే ఒక్క చుట్ట ఎక్కువసేపు వస్తుంది, డబ్బులు మిగులుతాయి. కొత్త కోడలు అత్తమామల ముందు పొగ కనపడకుండా తాగొచ్చు. పంటినొప్పికి మంచిదని అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు వీటన్నిటికంటే నమ్మకంగా అనిపించే కారణం మాత్రం వేరే ఉంది: అమ్మ అలా తాగేది, కాబట్టి కూతురు అలా తాగింది. ఇది మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువున్న అలవాటు. మన దేశంలో పొగ తాగడం అంటే మగాళ్ళ వ్యవహారం అనుకుంటాం కదా, ఇక్కడ లెక్క తిరగబడింది.

ఇది మనకే ప్రత్యేకం అనుకోకండి. పనామా, కొలంబియా, కరీబియన్ దీవులు, ఇటలీకి చెందిన సార్డీనియా, ఫిలిప్పీన్స్, ఇలా ఎక్కడెక్కడో ఈ అలవాటు కనిపించింది. అక్కడ కూడా చాలాచోట్ల ఆడవాళ్ళే. ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకున్నారా, ఎవరికి వాళ్ళే కనిపెట్టారా అన్నది వేరే పెద్ద చర్చ, ఇప్పుడు అటు వెళ్ళను. పొగాకే అమెరికా ఖండం మొక్క, పోర్చుగీసు వాళ్ళతో మన దేశానికి వచ్చింది. చుట్ట మాత్రం ఎంతగా మనదైపోయిందంటే, విజయనగరంలో పుట్టిన కన్యాశుల్కం నాటకంలో గిరీశాన్ని చుట్ట లేకుండా ఊహించుకోలేం. ఇంగ్లీషులో చెరూట్ అనే మాట కూడా తమిళంలో చుట్టకున్న పేరులోంచే వెళ్ళింది.

ఇక అసలు కథ. బొంబాయిలో 1941లో టాటా మెమోరియల్ ఆస్పత్రి మొదలైంది. అక్కడ పాథాలజీ చూసింది డాక్టర్ వి.ఆర్. ఖనోల్కర్. మన దేశంలో పాథాలజీకి పితామహుడు అని ఆయన్ని అంటారు. ఆయన, సూర్యబాయి అనే సహచరి కలిసి 1945లో ఒక పేపర్ ప్రచురించారు. విషయం ఏంటంటే, మనుషుల అలవాట్లకీ క్యాన్సర్ వచ్చే చోటుకీ ఉన్న సంబంధం. ధోవతి బిగించి కట్టుకునే నడుం దగ్గర వచ్చే చర్మ క్యాన్సర్ గురించి రాశారు. పొగాకూ సున్నం కలిపి కింది పెదవి వెనక దాచుకునే ఖైనీ వాళ్ళకి సరిగ్గా ఆ చోటే వచ్చే క్యాన్సర్ గురించి రాశారు. చుట్టని అడ్డంగా తాగేవాళ్ళకి అంగిలి మీద వచ్చే క్యాన్సర్ గురించి కూడా రాశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ ఆలోచనలో ఎంత బలం ఉందో చూడండి. నోటి క్యాన్సర్ ఎక్కడైనా రావచ్చు, కానీ గట్టి అంగిలి మీద రావడం ప్రపంచంలో చాలాచోట్ల అరుదు. అలాంటిది ఒక ప్రాంతంలో ఆస్పత్రికి వచ్చేవాళ్ళలో పదేపదే అక్కడే కనిపిస్తోంది. కాశ్మీర్‌లో చలికి నిప్పుల కుంపటి, అదే కాంగ్డీ, బట్టల కింద పెట్టుకుంటారు. వాళ్ళకి పొట్ట మీద, తొడల మీద క్యాన్సర్ వస్తుందని డాక్టర్లకి అప్పటికే తెలుసు. వేడి ఎక్కడ తగిలితే జబ్బు అక్కడ. అడ్డచుట్టలో వేడీ పొగాకూ రెండూ కలిశాయి. రెండూ తగిలే చోటు అంగిలి. తాగేటప్పుడు నోటి లోపలి గాలి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుందని తర్వాత కొలిచినవాళ్ళు చెప్పారు. నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర అని గుర్తుపెట్టుకోండి.

1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే ఇద్దరు డాక్టర్లు కోస్తాంధ్రలో అంగిలి క్యాన్సర్ గురించి, దానికి ఈ అలవాటే కారణమని ప్రత్యేకంగా రాశారు. సో, 1957 నాటికి విషయం తెలుసు. ఆస్పత్రికి వచ్చినవాళ్ళ గురించి తెలుసు. ఆస్పత్రికి రానివాళ్ళ సంగతేంటి? ఊళ్ళో చుట్ట తాగుతూ, ఏ నొప్పీ లేకుండా, పొలం పనికి వెళ్తున్న వేలమంది నోట్లో ఏముంది?

ఆ ప్రశ్న పట్టుకున్నది బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ళు. మామూలుగా ఆ పేరు వినగానే మనకి ఫిజిక్సు, హోమీ భాభా గుర్తొస్తారు. కానీ అక్కడ ఒక చిన్న దంత పరిశోధన విభాగం కూడా ఉండేది. దాన్ని నడిపింది ఫలీ మెహతా. ఆయనతో డెన్మార్క్ నుంచి వచ్చిన నోటి వ్యాధుల నిపుణుడు యెన్స్ పిండ్‌బోర్గ్, లెక్కలు చూసే ప్రకాశ్ గుప్తా, డెంటిస్ట్ దఫ్తరీ కలిశారు. 1960ల రెండో సగంలో వీళ్ళు ఒక పిచ్చి పని లాంటిది మొదలుపెట్టారు. ఇంటింటికీ వెళ్ళి ఊళ్ళో పెద్దవాళ్ళందరి నోళ్ళూ చూడటం. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, అప్పటి బీహార్‌లో సింగ్‌భూమ్, దర్భంగా, మన రాష్ట్రంలో శ్రీకాకుళం. మొత్తం 50,915 మంది. 1969లో ఆ ఫలితాలు వచ్చాయి.

అందులో శ్రీకాకుళం వాటా 10,169 మంది. వీళ్ళ మీద ప్రత్యేకంగా 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఒక పేపర్ వచ్చింది. చూసినవాళ్ళలో 43.8 శాతం మంది అడ్డచుట్ట తాగేవాళ్ళే. అంటే ఇంచుమించు ఇద్దరిలో ఒకళ్ళు. ఆ రోజుల్లో శ్రీకాకుళం అంటే పేపర్లలో హెడ్‌లైన్ వేరే, ఏజెన్సీలో రైతాంగ పోరాటం, పోలీసులు, ఎన్‌కౌంటర్లు. అదే జిల్లాలో ఇంకోవైపు డెంటిస్టులు అరుగుల మీద కూర్చుని "అమ్మా, నోరు తెరువు" అంటున్నారు. చరిత్ర పుస్తకాల్లో మొదటిది ఉంది, రెండోది లేదు. రెండోదానికీ ఒక పేజీ ఇవ్వాలని నా అభిప్రాయం.

వాళ్ళు ఏం చూశారు? అంగిలి మీద ఒకటి కాదు, చాలా రకాల మార్పులు. కొన్నిచోట్ల చర్మం మందంగా, తెల్లగా అయిపోవడం. ఆ తెలుపు మధ్య చిన్న బొడిపెలు, ఒక్కో బొడిపె మధ్యలో ఎర్ర చుక్క. ఈ ఎర్ర చుక్కలు ఊరికే వచ్చినవి కాదు. అంగిలి నిండా చిన్నచిన్న లాలాజల గ్రంథులు ఉంటాయి. వాటి మూతులు వేడికి వాచి ఎర్రగా కనిపిస్తాయి. మెసేజ్ పంపిన అమ్మాయి చూసింది బహుశా ఇదే. ఇంకొందరిలో సహజమైన రంగు పోయి పాలిపోయిన మచ్చలు. కొందరిలో ఎర్రటి పలచటి చోట్లు, కొందరిలో పుండ్లు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పైపు, సిగార్ మామూలుగా తాగేవాళ్ళకి కూడా అంగిలి తెల్లబడి ఎర్ర చుక్కలు వస్తాయి. యూరప్ డాక్టర్లకి అది బాగా తెలుసు. అది పెద్దగా క్యాన్సర్‌గా మారదు, తాగడం మానేస్తే పోతుంది అని వాళ్ళ అనుభవం. పుస్తకాల్లో కూడా అలాగే రాసుకున్నారు. మరి శ్రీకాకుళం అంగిలి కూడా పైకి ఇంచుమించు అలాగే కనిపిస్తుంది, కానీ ప్రవర్తన వేరు. ఇక్కడ ఆ మార్పుల్లోంచి క్యాన్సర్ వస్తోంది, ముఖ్యంగా ఎర్రటి చోట్లలోంచి, పుండ్లలోంచి. చూడ్డానికి ఒకేలా ఉన్న మచ్చ, ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి వేరే మచ్చ. అందుకే నాయనమ్మ మాటకి నా జవాబు సగం "అవును". చుట్ట తాగినోళ్ళకి అలా ఉంటుంది, నిజమే. కానీ చుట్ట ఎలా తాగారన్నది అడగకుండా "అలాగే ఉంటాది" అని వదిలేయకూడదు.

తెల్లమచ్చకి డాక్టర్లు వాడే పేరు లుకోప్లేకియా. 1877లో బుడాపెస్ట్‌లో ష్విమ్మర్ అనే డాక్టర్ పెట్టాడు. గ్రీకు మాటలతో అల్లిన ఆ పేరుకి అర్థం తెల్లమచ్చ అనే. అంటే ఆ పేరు మీ రిపోర్టులో ఉందంటే జబ్బు ఏంటో చెప్పినట్టు కాదు. గీస్తే పోని తెల్లమచ్చ ఉంది, వేరే తెలిసిన జబ్బేదీ కాదు, జాగ్రత్తగా చూడాలి అని చెప్పినట్టు. కంగారు పడిపోవద్దు, అలాగని ఫైల్లో పెట్టి మర్చిపోవద్దు.

సర్వే అయిపోయాక వాళ్ళు వదిలేయలేదు. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం, ఈ మూడు చోట్లకీ పదేళ్ళపాటు మళ్ళీమళ్ళీ వెళ్ళి అవే నోళ్ళు చూశారు. అందులోంచి వచ్చింది నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే విలువైన మాట. నోటి క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఉన్నట్టుండి రాదు. ముందు ఒక మచ్చ వస్తుంది. తెల్లదో, ఎర్రదో. అది నెలలు, ఏళ్ళు అక్కడే ఉంటుంది. నొప్పి ఉండదు. తర్వాతెప్పుడో మారుతుంది. అన్ని మచ్చలూ మారవు, చాలావరకు మారవు కూడా. కానీ మారినవాటికి ముందు మచ్చ ఉంది. అంటే మధ్యలో టైమ్ ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కో, కడుపులో క్యాన్సర్‌కో ఇలాంటి అవకాశం మనకి బయటినుంచి కనిపించదు. నోరు తెరిస్తే కనిపించే చోట ఇది కనిపిస్తుంది.

నాకు ఇబ్బందిగా అనిపించే విషయం కూడా చెప్పాలి. ఆ మొదటి పదేళ్ళు ప్రధానంగా చూసి, రాసుకున్న అధ్యయనం. అలవాటు మానిపించడానికి గట్టి ప్రయత్నం రెండో దశలో, 1970ల చివర్లో మొదలైంది. అదే మూడు జిల్లాల్లో, కానీ వేరే మనుషులతో, 36,471 మంది పొగాకు వాడేవాళ్ళతో. మనిషికి మనిషి కూర్చుని చెప్పడం, దానికి తోడు ప్రచారం. ముందు పదేళ్ళలో చూసినవాళ్ళ లెక్కల్ని పోలికకి వాడుకున్నారు. ఆ కాలంలో పరిశోధన అలాగే జరిగేది, ఆ లెక్కలు లేకపోతే రెండో దశ ఫలితాన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, ఇవన్నీ నిజమే. అయినా మొదటి గుంపులో ఉన్న ఆడవాళ్ళు ఏడాదికోసారి నోరు తెరిచి చూపించారు. వాళ్ళకి అంతకంటే గట్టిగా ముందే చెప్పి ఉండాల్సింది అని నాకు అనిపిస్తుంది. మీకు వేరేగా అనిపిస్తే కామెంట్లలో రాయండి, తప్పకుండా చదువుతాను.

1986లో లాన్సెట్‌లో ఆ ఫలితం వచ్చింది. చెప్పడం పనిచేసింది. శ్రీకాకుళంలో అంగిలి మీద కొత్తగా వచ్చే మచ్చలు తగ్గాయి. మగవాళ్ళలో బాగా, ఆడవాళ్ళలో అంతకంటే తక్కువగా. ఎందుకు తక్కువ? పేపర్లో లెక్కలుంటాయి కానీ ఆ ఇళ్ళలో ఏం జరిగిందో ఉండదు. నా ఊహ చెప్తాను, ఊహగానే తీసుకోండి. మగాడికి టీ కొట్టు ఉంది, పేకాట ఉంది, ఊరి సెంటర్ ఉంది. పొద్దున్నుంచి నడుం వంచి పనిచేసే ఆడమనిషికి దొరికిన ఒకే ఒక్క కాలక్షేపం ఆ చుట్ట. దాన్ని లాక్కోవాలంటే దాని బదులు ఏదో ఇవ్వాలి కదా.

ఇప్పుడు అడ్డచుట్ట తగ్గిపోయింది, పాతతరంతో పోతోంది అని మీరు అనొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు తక్కువే. కానీ పాతతరం ఇంకా మన ఇళ్ళలోనే ఉంది. ఇంకోటి, మన తరం తక్కువేం తినలేదు. గుట్కా ప్యాకెట్ బుగ్గలో, ఖైనీ పెదవి వెనక. 2012 తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గుట్కా నిషేధించాయి. కంపెనీలు వక్కపొడి ఒక ప్యాకెట్లో, పొగాకు ఇంకో ప్యాకెట్లో పెట్టి పక్కపక్కనే అమ్మాయి. వక్క అలవాటు వల్ల బుగ్గ లోపల గట్టిపడి, నోరు తెరుచుకోవడం తగ్గిపోయే జబ్బు ఒకటి ఉంది, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. 1952లో దాన్ని మొదట రాసింది కెన్యాలో ఉన్న ఐదుగురు భారతీయ ఆడవాళ్ళని చూసి. ఈ కథ కూడా ఆడవాళ్ళ నోళ్ళతోనే మొదలైంది, గమనించారా. ఇప్పుడు అది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళలో కనిపిస్తోంది. పానీపూరీ నోట్లో పట్టట్లేదురా అని ఫ్రెండ్ నవ్వుతూ అంటే, నవ్వకండి, డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఖనోల్కర్ 1945లో చెప్పిన లెక్క ఇప్పటికీ అదే. ఎక్కడ పెట్టుకుంటే అక్కడ.

సరే, మరి నోట్లో కనిపించే ప్రతిదీ భయపడాల్సిందా? కాదు. ఈ ఎపిసోడ్ చూసి టార్చ్ వేసుకుని రాత్రంతా నిద్ర మానేస్తే ఆ పాపం నాకొద్దు. అంగిలి మధ్యలో గట్టిగా, ఎముకలాగా ఉబ్బు ఉంటే చాలామందికి అది మామూలు ఎముక పెరుగుదలే, జబ్బు కాదు. బుగ్గ లోపల, పెదవి మీద రవ్వ గింజల్లా పసుపుపచ్చ చుక్కలు ఉంటే అవి మామూలు నూనె గ్రంథులు. నాలుక మీద మ్యాపులాగా ఎర్ర మచ్చలు ఒకరోజు ఇక్కడ, వారం తర్వాత అక్కడ కనిపిస్తే అదీ ప్రమాదం కాదు. నోటిపూత మంట పుడుతుంది, ఏడెనిమిది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో తగ్గిపోతుంది. చిత్రం ఏంటంటే, మంట పెట్టేది సాధారణంగా మంచిదే, నొప్పి లేకుండా కూర్చునేదే అనుమానించాల్సింది.

రెండు వారాలు దాటినా మానని పుండు, బట్టతో తుడిచినా పోని తెల్లమచ్చ, కారణం తెలియని ఎర్రమచ్చ, మెడలో గడ్డ, నోరు తెరవడం తగ్గడం, వీటిలో ఏదున్నా చూపించుకోవాలి. డాక్టర్ అవసరమనుకుంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుంది అని మన ఊళ్ళలో ఒక భయం ఉంది. ఆ భయంతో ఆగిపోయినవాళ్ళకి జరిగే నష్టం ముక్క తీయడం వల్ల జరగదు.

ఒక్క విషయం ఆలోచించండి. శ్రీకాకుళం ఆడవాళ్ళకి తమ మచ్చ ఎందుకు తెలియలేదు? అంగిలి అద్దంలో కనిపించదు. బుగ్గ కనిపిస్తుంది, నాలుక కనిపిస్తుంది, అంగిలి కనిపించాలంటే తల వెనక్కి వాల్చాలి, వెలుతురు కింది నుంచి పడాలి, ఇంకొకళ్ళు చూడాలి. ఆ డెంటిస్టులు అరుగు మీద కూర్చుని చేసింది అదే. ఈరోజు మీ చేతిలో టార్చ్, కెమెరా రెండూ ఉన్నాయి. కట్టుడుపళ్ళు ఉంటే తీయించండి, నాయనమ్మని కుర్చీలో తల వాల్చి కూర్చోమనండి, కింది నుంచి ఫొటో తీయండి. నాలుక కిందా, బుగ్గల లోపలా కూడా తీయండి. మూడు నెలల తర్వాత అదే ఫొటో మళ్ళీ తీస్తే మారిందో లేదో మీకే కనిపిస్తుంది. ఫొటో డాక్టర్‌కి బదులు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలా అని ఇంట్లో జరిగే వాదన తేల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఆ అమ్మాయి అదే చేసింది. ఫొటో తీసి నాయనమ్మకే చూపించింది. ఆవిడ ఫోన్ పట్టుకుని చాలాసేపు చూసిందట. "ఇది నా నోరేనా?" అని అడిగిందట. డెబ్బై ఏళ్ళకి పైబడిన మనిషి తన అంగిలిని మొదటిసారి చూసుకుంది. ఆ తర్వాత శ్రీకాకుళం వెళ్ళి డెంటిస్ట్‌కి చూపించారు. తెలుపు గురించి ఆయన పెద్దగా మాట్లాడలేదు, ఒక పక్కన ఉన్న చిన్న ఎర్రటి చోటు చూసి, అక్కడి నుంచి ముక్క తీశారు. చుట్ట మానమన్నారు. మానేస్తానని నాయనమ్మ అనలేదు, కానీ నిప్పు బయట పెట్టి తాగుతానని బేరం పెట్టిందట. అదీ కుదరదని చెప్పడానికి మనవరాలు ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేస్తోంది.

రిపోర్ట్ ఇంకా రాలేదు. వచ్చాక చెప్తానంది.